ముగ్గురు చిన్నపిల్లలతో తిరుమల: రైలా, కారా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ముగ్గురమ్మ_ఉప్పల్
అందరికీ నమస్తే. పెద్దదానికి ఆరేళ్లు, నడిపివాడికి నాలుగు, చిన్నదానికి పదకొండో నెల నడుస్తోంది. చిన్నదాని పుట్టువెంట్రుకలు కొండ మీదే తీయిస్తామని మొక్కుకున్నాం. ఏడాది నిండేలోపు వెళ్లి రావాలి. ఆయన కారులో పోదామంటున్నారు, నాకేమో రైలే మేలనిపిస్తోంది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, రాలేరు. ఇద్దరం పెద్దవాళ్లం, ముగ్గురు పిల్లలు, ఎటు చూసినా ఒక చెయ్యి తక్కువే. నడిపివాడికి ఘాట్ రోడ్డు పడదు. శ్రీశైలం వెళ్లినప్పుడు ఈగలపెంట రాకముందే మూడు జతలు మార్చాను. క్యూలో పాలు ఎలా, గుండు చేయించేటప్పుడు చిన్నదాన్ని ఎలా పట్టుకోవాలి, అలిపిరి నుంచి నడవాలని ఆయన మొక్కు, అది కుదురుతుందా? ఇవన్నీ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

గుంటూరు_కారం
రైలే. రెండో మాట లేదు. నారాయణాద్రి అయితే రాత్రి పడుకుంటే పొద్దున్నే తిరుపతి. పిల్లలకు నిద్ర టైమ్‌లోనే ప్రయాణం అయిపోతుంది. మేము పోయినేడు కవలలతో వెళ్లాం. పెట్టె ఎక్కగానే పులిహోర పెట్టాం, తిని పడుకున్నారు.

టికెట్_లెక్కలు
అమ్మా, మీ పెద్దమ్మాయికి ఆరేళ్లు కదా, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, బెర్తూ రాదు. ఐదు నిండి పన్నెండు లోపయితే బెర్త్ వద్దంటేనే హాఫ్ టికెట్. బెర్త్ కావాలంటే పెద్దవాళ్ల ఛార్జీ మొత్తం కట్టాలి. 2016 నుంచీ ఇదే. వందే భారత్‌లాంటి కూర్చునే బళ్లలో హాఫ్ టికెట్ అన్నదే లేదు, ఐదు దాటితే పూర్తి ఛార్జీ, సీటు ఇస్తారు. మూడు బెర్తులు తీసుకోండి, ఒకటి కింది బెర్త్ ఉండేలా చూడండి.

నల్గొండ_నాన్న
హాఫ్ టికెట్ మాట నాకు చెప్పకండి. మా వాడికి ఆరేళ్లు, హాఫ్ తీశాం, బెర్త్ లేదు. ఆ రాత్రంతా నేను పక్క బెర్తాయన కాళ్ల దగ్గర కూర్చున్నా. పొద్దున దిగేసరికి నడుం పట్టేసింది. అదే నడుంతో క్యూలో నిలబడ్డా. మిగిలిన డబ్బు ఎంత, పడ్డ బాధ ఎంత? డబ్బు చూసుకోకుండా బెర్త్ తీసుకో చెల్లీ.

కడప_బిడ్డ
కారును అంత తీసిపారేయకండి. కర్నూలు, నంద్యాల, కడప మీదుగా మా దారి చక్కగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి 550 కిలోమీటర్లకు పైనే, కానీ ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. చంటిపిల్ల ఏడ్చిందనుకోండి, రైలు ఆగుతుందా? నేను పిల్లల కోసం రెండు గంటలకోసారి ఆపుతా. డిక్కీలో చాప, బకెట్, మగ్గు ఉంటాయి. చెట్టు కింద చాప వేసి అన్నం పెడితే ఇంట్లో ఎంత తింటారో అంతకు రెట్టింపు తింటారు.

రెండు_పిల్లలు_ఒక_సూట్‌కేస్
ఘాట్ రోడ్డు వాంతులకు నేనొక చిట్కా చెప్తా. బయల్దేరే అరగంట ముందు జలుబు సిరప్ ఒక మూత పట్టించండి. వాంతీ రాదు, ఏడుపూ రాదు, కొండ ఎక్కేదాకా హాయిగా నిద్రపోతారు. రైల్లో కూడా ఇస్తాను. మా చిన్నవాడికి ఎనిమిదో నెల నుంచి ఇస్తున్నా, ఏమీ కాలేదు.

మందుల_షాపు_18ఏళ్లు
దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. పద్దెనిమిదేళ్లుగా మందుల షాపులో ఉన్నాను, చేతులెత్తి అడుగుతున్నా. జలుబు సిరప్ నిద్రమందు కాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. వాంతులకని కొందరు వాడే ప్రొమెథజిన్ రెండేళ్ల లోపు పిల్లలకు ఇస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పదకొండు నెలల పాపకు మూత లెక్కన పోస్తారా?

రెండు_పిల్లలు_ఒక_సూట్‌కేస్
నేను పోయమనలేదు, మా ఇంట్లో చేసేది చెప్పాను. డాక్టరే ఒకసారి రాసిచ్చిన సిరప్ అది. పిల్లల్ని నేను పెంచుతున్నా, మీరు కాదు.

మందుల_షాపు_18ఏళ్లు
డాక్టర్ రాసింది ఆనాటి జలుబుకు, ఆనాటి బరువుకు, కొలత చూసి. ప్రయాణానికి కాదు. మా కౌంటర్ దగ్గరికి ఒక తల్లి పరిగెత్తుకొచ్చింది. పాప లేవట్లేదు, కళ్లు తెరిచి మూస్తోంది, పెదవులు ఆరిపోయాయి. బస్సు ఎక్కే ముందు సిరప్ పోశానంది. వెంటనే ఆసుపత్రికి పంపాను. పాప బతికింది. కానీ ఆ తల్లి చేతిలో ఖాళీ మూత ఇంకా నా కళ్ల ముందే ఉంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కొత్తపేట_జయ
మందుల షాపు అన్నగారూ, విషయం మంచిదే. కానీ అలా అరిచినట్టు రాస్తే ఎవరైనా వింటారా? ఆవిడా తల్లే కదా.

నల్గొండ_నాన్న
అరవాల్సిన చోట అరవాలి జయమ్మా. ఇది ఉప్మాలో ఉప్పు ఎక్కువైన సంగతి కాదు.

రాజమండ్రి_అమ్మమ్మ
నలుగురిని కన్నాను, ఏడుగురు మనవల్ని ఎత్తుకున్నాను. మందులెందుకమ్మా? కొండ ఎక్కే ముందు కడుపు నిండా పాలు పట్టకూడదు. రెండు ఇడ్లీ పెట్టి గంట ఆగాలి. ముందు సీట్లో, కిటికీ పక్కన, దూరంగా కనిపించే కొండను చూస్తూ కూర్చోవాలి. ఫోన్ చూశాడంటే మాత్రం వాంతి తప్పదు. చేతిలో నిమ్మకాయ పెట్టండి, వాసన చూస్తూ ఉంటాడు. మా మనవడికి అదే పని చేసింది.

కడప_బిడ్డ
అమ్మమ్మ మాట నిజం. పైగా తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. దిగేది 1944 నాటి పాత దారి, మలుపులు అందులోనే ఎక్కువ. కాబట్టి నిమ్మకాయ ఎక్కేటప్పుడే పారేయకండి. అసలు వాంతులు దిగేటప్పుడే. కిందికి దిగే బండ్లకు ఇన్ని నిమిషాల కంటే ముందు చేరకూడదని నియమం కూడా ఉంది, కాబట్టి డ్రైవర్‌ను తొందర పెట్టకండి.

సింగిల్_పేరెంట్_వైజాగ్
ఫోన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నేను ఒక్కదాన్నే ఇద్దరితో ప్రయాణం చేస్తాను. ఫోన్ ఇవ్వకపోతే నేను బాత్రూమ్‌కి ఎలా వెళ్లాలి? ఇక్కడ అందరికీ పక్కన ఇంకో మనిషి ఉన్నట్టుంది.

కొత్తపేట_జయ
ఇవ్వండి. ఎవరేమన్నా అనుకోనీ. చప్పుడు మాత్రం తగ్గించి ఇవ్వండి, పక్కవాళ్లు పడుకుంటారు.

గుంటూరు_కారం
చప్పుడు మాట బాగా గుర్తు చేశారు. పోయినసారి మా పక్క బెర్తు పిల్లాడు రాత్రి పదకొండు దాకా ఒకే పాట. మా కవలలు లేచి కూర్చున్నారు. ఆ తల్లిదండ్రులు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకున్నారు. మనసు ఎంత మండిందో చెప్పలేను.

సింగిల్_పేరెంట్_వైజాగ్
ఇదిగో, మళ్లీ తల్లినే అన్నారు.

గుంటూరు_కారం
తల్లిదండ్రులు అన్నానమ్మా, ఇద్దర్నీ అన్నాను. నిన్ను కాదు.

సుపథం_అనుభవం
అడిగినావిడ సంగతి అందరూ మర్చిపోయారు. చెల్లీ, నీకు పెద్ద వరం ఉంది. ఏడాదిలోపు పాప ఉంటే తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక ప్రవేశ ద్వారం నుంచి దర్శనం ఉంటుంది. పాప బర్త్ సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్ ఒరిజినల్స్ పెట్టుకో. మాకు బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరు ఎక్కలేదు, ఆసుపత్రి కాగితం ఉంది కదా అనుకున్నాం. గేటు దగ్గర వెనక్కి పంపేశారు. ఎండలో గంట సేపు పాపను ఎత్తుకుని తిరిగాం. ఆ కాగితం ముందే సరిచేయించుకో. మాకు రెండోసారి వెళ్లినప్పుడు పెద్దవాడిని కూడా మాతోనే పంపారు. టైమింగ్స్ మారుతుంటాయి, బయల్దేరే ముందు దేవస్థానం వెబ్‌సైట్‌లో చూసుకో.

ముగ్గురమ్మ_ఉప్పల్
అక్కా, ఈ సంగతి నాకు అస్సలు తెలియదు! మా బర్త్ సర్టిఫికెట్‌లో కూడా పేరు లేదు. రేపే వెళ్తాను. మరి పాలు?

సుపథం_అనుభవం
కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధం. వేడినీళ్లకు స్టీల్ ఫ్లాస్క్ తీసుకెళ్లు. పాలపొడిని చిన్న స్టీల్ డబ్బాల్లో ఒక్కో పూటకు సరిపడా కొలిచి పెట్టు. క్యూలో ఒళ్లో పాపతో చెంచా లెక్కపెట్టడం ఎంత కష్టమో నేను పడ్డాను. పెద్దపిల్లలకు ఇబ్బంది లేదు, మామూలు క్యూ అయినా, దర్శనానికి ముందు కూర్చోబెట్టే హాళ్లలో (కంపార్ట్‌మెంట్లంటారు) పాలు, ప్రసాదం పంచుతారు.

మందుల_షాపు_18ఏళ్లు
ప్రయాణంలో విరేచనాలు పట్టుకుంటే ఒక మాట. ఓఆర్‌ఎస్ అంటే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి. పెద్ద పొట్లం మొత్తాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో మొత్తం పొట్లం కలిపి పట్టించేవాళ్లను నేను రోజూ చూస్తాను, అది ప్రమాదం. తియ్యటి డబ్బా డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాసుకోకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఇంట్లో పాత డబ్బాలుంటే చూసుకోండి.

రెండు_పిల్లలు_ఒక_సూట్‌కేస్
రాత్రి మా డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన కూడా ప్రయాణానికి సిరప్ వద్దే వద్దన్నారు. సీసా పారబోశాను. కానీ నా మీద అలా పడిపోవడం మాత్రం నచ్చలేదు.

మందుల_షాపు_18ఏళ్లు
నిన్న మాట పెరిగింది, క్షమించండి అమ్మా. సీసా పారబోశారంటే నాకదే చాలు.

నల్గొండ_నాన్న
నడకదారి సంగతి ఎవరూ చెప్పలేదు. అలిపిరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. 2023లో ఆ దారిలో చిరుత చిన్నపిల్లల మీద దాడి చేశాక మధ్యాహ్నం రెండు దాటితే చిన్నపిల్లల్ని ఆ దారిన పంపడం మానేశారు. ఇప్పుడు ఏ రూల్ ఉందో అలిపిరిలోనే అడగండి. నా మాట వింటే ఆయన్ను ఒక్కడినే తెల్లవారుజామున నడవనివ్వు. నువ్వు పిల్లలతో బస్సులో వెళ్లు.

కొత్తపేట_జయ
ఒక్కతే ముగ్గురితో బస్సులోనా? ఎలా అన్నా? మొగుడి మొక్కు మొగుడిది, పిల్లలు మాత్రం ఆవిడ ఒళ్లోనా? ఆ మొక్కు తీర్చడానికి పిల్లలు పెద్దయ్యాక ఎన్ని ఏళ్లు లేవు!

రాజమండ్రి_అమ్మమ్మ
జయ మాటే సరి. మొక్కు ఎక్కడికీ పోదు. శ్రీవారికి తెలుసు చంటిపిల్ల ఉన్న ఇల్లు.

నల్గొండ_నాన్న
సరే, ఒప్పుకుంటున్నా. మా ఇంట్లోనూ ఇదే గొడవ అయింది, అప్పుడు నేను ఓడిపోయా.

లడ్డూ_కౌంటర్_దగ్గర
నాకు చెప్పుకోవాలని ఉంది. మా రెండోది, మూడేళ్లది, లడ్డూల దగ్గర చెయ్యి వదిలింది. వాళ్ల నాన్న తీసుకెళ్లారని నేను, నా దగ్గర ఉందని ఆయన. పావుగంట. జన్మలో మర్చిపోను. ఒక పెద్దాయన దాన్ని ఎత్తుకుని మైక్ ఉన్న చోటికి తీసుకెళ్లారు. దానికి నా పేరు 'అమ్మ' అని తప్ప ఇంకేమీ తెలియదు. అప్పటి నుంచి ఏ జాతరకు వెళ్లినా ఎడమ మోచేతి లోపలి వైపు పెన్నుతో ఫోన్ నంబర్ రాస్తాను. మణికట్టు మీద రాస్తే చెమటకు, నీళ్లకు చెరిగిపోతుంది. ముగ్గురికీ ఒకే రంగు బట్టలు వేయండి, గుంపులో కళ్లకు వెంటనే ఆనుతాయి. మీ ఇద్దరిలో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో రైలు దిగకముందే అనుకోండి.

టికెట్_లెక్కలు
ఇది అందరూ చదవాల్సిన మాట.

కడప_బిడ్డ
కారు అయితే మాత్రం తప్పిపోయే భయం ఉండదు.

గుంటూరు_కారం
కారు కొండ మీద క్యూలోకి రాదు బాబాయ్.

సుపథం_అనుభవం
గుండు దగ్గర ఒక్కటే జాగ్రత్త. కల్యాణకట్టలో ఉచితమే. మీ కళ్ల ముందే కొత్త బ్లేడు వేయించండి. పాపను నాన్న ఒళ్లో, ముఖం అతని ఛాతీ వైపు తిప్పి కూర్చోబెట్టాలి, ఒక అరచేయి చెవి మీద ఉండాలి. ముందు తల బాగా తడపాలి, పొడితల మీద బ్లేడు పడితే గీసుకుంటుంది. నిద్రమత్తులో ఉన్నప్పుడు తీసుకెళ్లకండి, పాలు తాగి ఆడుకునే టైమ్ చూసుకోండి.

ముగ్గురమ్మ_ఉప్పల్
పదహారు రోజుల తర్వాత రాస్తున్నా. వెళ్లొచ్చాం! నారాయణాద్రిలో మూడు బెర్తులు తీశాం. పెద్దది పై బెర్త్ నాదే అంటూ ఎక్కి కూర్చుంది. నడిపివాడు ఎక్కేటప్పుడు నిమ్మకాయ పట్టుకుని బాగానే ఉన్నాడు, దిగేటప్పుడు ఒక్కసారే వాంతి. బర్త్ సర్టిఫికెట్ సరిచేయించడానికి రెండు రోజులు తిరిగాను, కానీ సుపథం గేటు దగ్గర ఒక్క ప్రశ్న కూడా లేకుండా పంపారు. ఆయన ఈసారి నడవలేదు. చిన్నది గుండు చేస్తున్నంతసేపూ వాళ్ల నాన్న చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని ఏడవకుండా ఉంది. వెంట్రుకలు పళ్లెంలో పడుతుంటే నాకే కళ్లలో నీళ్లొచ్చాయి. గంధం రాస్తే మాత్రం నుదుటి దగ్గర చిన్న ఎర్రటి పొక్కులు వచ్చాయి. బజార్లో కొన్న పొడి. ఎవరికైనా ఇలా అయిందా?

రాజమండ్రి_అమ్మమ్మ
చల్లగా ఉండమ్మా. పొడి వద్దు, గంధపు చెక్క సాన మీద అరగదీసి రాయాలి.

మందుల_షాపు_18ఏళ్లు
అమ్మమ్మగారూ, పొక్కులు ఉండగా ఏ గంధమూ వద్దండి. మామూలు నీళ్లతో కడిగి, గాలి తగలనివ్వండి. రెండు రోజుల్లో తగ్గకపోయినా, చీము కనిపించినా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

రాజమండ్రి_అమ్మమ్మ
మా ఏడుగురికీ గంధమే రాశాం నాయనా.

నల్గొండ_నాన్న
చెల్లీ, ముందు ఆ పాప ఫోటో తీసి మంచి డాక్టర్‌కు పంపు. తర్వాత వీళ్లిద్దరి వాదన చదువుకో. అలాగే ఆ మూడు బెర్తుల్లో కింది బెర్త్ దొరికిందా లేదా చెప్పు, దసరాకు మేము వెళ్తున్నాం.