7700ఎక్స్‌ని 95 డిగ్రీలకు వదిలేయాలా, ఎకో మోడ్ పెట్టాలా?

బెజవాడబ్లెండర్:
మే నెల, గదిలో ఏసీ లేదు, గోడ మీద థర్మామీటరు 38 చూపిస్తోంది. రెండర్ (3డీ సీన్‌ని బొమ్మగా తయారుచేయడం) మొదలెట్టిన అరనిమిషానికే నా రైజెన్ 7700ఎక్స్ ప్రాసెసర్ 95 డిగ్రీలు తాకి అక్కడే కూర్చుంటోంది. షాపతను కూలర్ మార్చమంటాడు, మావాడొకడు చిప్పు లాగే వాట్లకి హద్దు పెట్టే ఎకో మోడ్ చాలంటాడు. అంత పోసి స్పీడెక్కువ ఉండే ఎక్స్ రకం కొన్నది కాళ్లు కట్టెయ్యడానికా అని నా బాధ.

కూలర్‌కింగ్:
95 చూసి భయపడకు బ్రో. 2022లో రైజెన్ 7000 సిరీస్ తెచ్చినప్పుడే దాన్ని చేసిన కంపెనీ ఏఎండీ చెప్పింది, ఫుల్ లోడ్‌లో ఆ హద్దుదాకా వెళ్లేలాగే చేశామని. దాటబోతే చిప్పే స్పీడు తగ్గించుకుంటుంది. 360 ఎంఎం రేడియేటరున్న లిక్విడ్ కూలర్ వేసుకో. ఎకో గీకో వద్దు.

పాతపెంటియం:
కూలర్ వేస్తే చల్లబడేది చిప్పు, గది కాదు. ఈ ముక్క ఎవరూ చెప్పరెందుకో! చిప్పు 142 వాట్లు లాగితే ఆ 142 వాట్ల వేడీ నీ గదిలోకే వస్తుంది, కూలర్ ఎంత ఖరీదైనదైనా సరే. పైగా లిక్విడ్ అయినా ఫ్యాన్ అయినా గది గాలికంటే చల్లబరచలేదు, నువ్వు 38 దగ్గరే మొదలెడుతున్నావు. లెక్కలు చేసే కోర్లన్నీ ఉన్న ముక్క చిటికెనవేలి గోరంత. అంత చిన్నచోటి నుంచి వేడిని లాగడమే కష్టం, అందుకే పెద్ద కూలర్ పెట్టినా ఆశించినంత దిగదు.

తగ్గించాల్సింది వాట్లు. ఎకో 65 (పేరుకే 65) పెడితే చిప్పు లాగే వాట్ల హద్దు 142 నుంచి 88కి వస్తుంది. స్పీడు అంతగా పడదు. చివరి కొద్ది మెగాహెర్ట్జ్ కోసమే వోల్టేజీ ఎగబాకుతుంది, వోల్టేజీ కొంచెం పెరిగినా వాట్లు దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతాయి. 2023 జనవరిలో ఏఎండీయే మామూలు 7700 తెచ్చింది కదా: అవే 8 కోర్లు, అదే 88 వాట్ల హద్దు, బూస్ట్ (గరిష్ఠ స్పీడు) 5.4 గిగాహెర్ట్జ్ బదులు 5.3.

కూలర్‌కింగ్:
లెక్కెయ్యండి సార్. 54 వాట్లు, రోజుకు 6 గంటలు. నెలకు 10 యూనిట్లు కూడా మిగలవు! గేమ్స్ ఆడేవాళ్లకైతే 88 దాటడమే అరుదు, ఎకో ఉన్నా లేనట్టే.

పాతపెంటియం:
గేమ్స్ మాట ఒప్పుకుంటా. బిల్లు సంగతి నేనెత్తనే లేదు. నేనన్నది ఉక్కపోత గురించి.

గుంటూరుగేమర్:
వేడికి చిప్పులు పోవా అన్నా? ఇంటెల్ 13, 14 తరాల చిప్పులు పాడైన గొడవ చూశాం కదా.

పాతపెంటియం:
అది ఒక్క వేడి కథే కాదు తమ్ముడూ, ముఖ్యంగా వోల్టేజీ కథ. తక్కువ లోడ్‌లోనూ చిప్పు ఎక్కువ వోల్టేజీ అడిగేది. అందుకే 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి మైక్రోకోడ్‌లు (చిప్పు లోపలి ప్రోగ్రాంకి సవరణలు) ఇచ్చారు, వారంటీ 2 ఏళ్లు పెంచారు. వాట్లు తగ్గించినంత మాత్రాన అది ఆగదు. నీది ఆ తరమైతే ముందు ఆ మైక్రోకోడ్ ఉన్న బయోస్ (మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యి.

బెజవాడబ్లెండర్:
ఎకో పెట్టి చూశా. 10 నిమిషాల రెండర్ 10 నిమిషాల 40 సెకన్లైంది. చిప్పు 77 డిగ్రీల దగ్గర ఆగింది. ఫ్యాన్ మోత తగ్గిందని పక్కగదిలోంచి నాన్నమ్మే చెప్పింది.

కూలర్‌కింగ్:
40 సెకన్లు పోయాయిగా! రాత్రంతా రెండర్ వేస్తే?

బెజవాడబ్లెండర్:
రాత్రికి ఎకో తీసేస్తా. నేను పడుకునేది డాబా మీద.