‘ఫించ్’ నేరుగా చదవొచ్చా, ముందు రెండూ చదవాలా?

ప్రశ్న:
జెఫ్ వాండర్‌మీర్ ‘ఫించ్’ మొదలుపెట్టి అరవై పేజీల దగ్గర ఆగిపోయానండీ. ఆంబర్‌గ్రిస్ అనే ఊహానగరం మీద ఇది మూడో పుస్తకమని తర్వాత తెలిసింది. భూమి అడుగు నుంచి వచ్చిన గ్రే క్యాప్‌లు (పుట్టగొడుగుల్లాంటి జీవులు) ఊరిని ఆక్రమించుకున్నాయి, ఒక గదిలో మనిషి శవం, పక్కనే సగానికి తెగిన గ్రే క్యాప్ శవం, ఇంతవరకు అర్థమైంది. కానీ ఆ తుంపు వాక్యాలతోనే ఇబ్బంది. కొన్నిటికి క్రియ కూడా ఉండదు, ఎవరు ఏం చేశారో తెలియక మళ్లీ వెనక్కి వెళ్తున్నాను. ముందు రెండూ చదివి రావాలా?

జవాబు 1:
అక్కర్లేదు, నేనూ దీంతోనే మొదలుపెట్టాను. ‘సిటీ ఆఫ్ సెయింట్స్ అండ్ మ్యాడ్‌మెన్’ కథల సంపుటి లాంటిది. ‘ష్రీక్’ (2006)లో ఒకామె తన తోబుట్టువు గురించి రాస్తూ పోతుంటే అతను మధ్యమధ్యలో బ్రాకెట్లలో తన మాట చేరుస్తుంటాడు. ‘ఫించ్’ (2009) దారి వేరు, ఇది పక్కా డిటెక్టివ్ నవల. ఒక్క సంగతి తెలిస్తే చాలు: హోగ్‌బాటన్, ఫ్రాంక్‌రైత్ అండ్ లూడెన్ అనే రెండు వ్యాపార సంస్థలు ఏళ్ల తరబడి కొట్టుకుని ఊరిని గుల్ల చేశాయి, ఆ అదను చూసి గ్రే క్యాప్‌లు పైకొచ్చాయి. కథ జరిగేది ఆ తర్వాత ఆరేళ్లకు.

జవాబు 2:
వాక్యాల గురించి నా మాట. కథలోని డిటెక్టివ్ ఫించ్ బతికేదే అలా. డిటెక్టివ్‌ల బల్లల పక్కన నేలలో ఒక్కో రంధ్రం ఉంటుంది చూడండి, ప్రాణమున్న గొట్టంలా, పైఅధికారులైన గ్రే క్యాప్‌ల ఉత్తర్వులు అందులోంచే వస్తాయి. పక్కన అది నోరు తెరుచుకుని ఉంటే ఎవరైనా పూర్తి వాక్యాల్లో ఆలోచించగలరా? చచ్చినవాళ్ల జ్ఞాపకాలు తెలియాలంటే ఆ శవం మీద మొలిచినదాన్ని తినాలి. తింటాడు కూడా, అదే అతని ఉద్యోగం. నాకు అన్నిటికంటే గుండె పట్టేసింది వైట్ సంగతి. తోటి డిటెక్టివ్, స్నేహితుడు, ఒళ్లంతా బూజు పాకిపోతుంటే పెద్ద కోటు కింద దాచుకుని రోజూ డ్యూటీకి వస్తాడు. ఆ పేజీల కోసమైనా ఆపకండి.

జవాబు 3:
నాది కొంచెం వేరే అభిప్రాయం. హత్య ఎవరు చేశారన్న దానికోసం చదివితే నిరాశపడతారు, చివరికొచ్చేసరికి ఆ ముడి కంటే ఊరి కథే పెద్దదైపోతుంది. అసలు ప్రశ్న, ఆక్రమించినవాళ్ల జీతం తీసుకుని న్యాయం చేయగలమా అన్నది. లెన్ డెయిటన్ ‘ఎస్ఎస్-జీబీ’ (1978) ఇదే ఇరకాటం: జర్మన్లు బ్రిటన్‌ను గెలిచేసినట్టు ఊహించుకున్న 1941లో స్కాట్లండ్ యార్డ్ డిటెక్టివ్ వాళ్ల కింద హత్యకేసు చూస్తుంటాడు. అందులో పుట్టగొడుగులు లేవు గానీ ఊపిరాడనితనం అదే. నాకైతే ‘ఫించ్’ ఎక్కువ నచ్చింది, ఎందుకంటే అక్కడ ఆక్రమణ ఆఫీసుల దగ్గర ఆగదు, గోడల్లోకి, ఒంట్లోకి దిగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. రాత్రి మళ్లీ మొదటి పేజీ నుంచి పట్టుకున్నాను, ఈసారి నెమ్మదిగా, కొన్ని పేజీలు పైకి చదువుకుంటూ. అలా చదివితే ఆ తుంపులు అతను మెట్లెక్కి ఆయాసపడుతున్నట్టే వినిపించాయి. వైట్ గురించి మీరు చెప్పేశారు కాబట్టి అతను వచ్చినప్పుడల్లా ఆ కోటు వైపే చూస్తున్నాను.