ఫారం 20ని దేనితో సరిచూడాలి?

కృష్ణా తీరం:
2024 మే 13న జరిగిన శాసనసభ ఎన్నికలో మా ఊరి బూత్‌లలో పోలైన ఓట్లకూ, లెక్కించిన ఓట్లకూ పొంతన లేదని మా రచ్చబండ దగ్గర ఇప్పటికీ వాదులాటే. ఫారం 20, అంటే బూత్‌ల వారీగా లెక్కించిన ఓట్ల పట్టిక, దించుకున్నాను. అంతా స్కాన్ చేసిన కాగితాలు. కొన్ని పేజీలు అడ్డం తిరిగాయి, ఒకచోట రబ్బరు ముద్ర సరిగ్గా మొత్తం అంకె మీదే పడింది. దేనితో పోల్చాలి? పట్టికలోకి ఎలా ఎక్కించాలి?

పాత పంతులు:
ప్రిసైడింగ్ అధికారిగా చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ముందు 17సి, అంటే బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం, సంపాదించండి. పోలింగ్ ముగిశాక ఓటింగ్ యంత్రపు కంట్రోల్ యూనిట్‌లో వచ్చిన మొత్తాన్ని, ఓటర్లు సంతకం పెట్టే 17ఏ రిజిస్టరుతో సరిచూసి 17సి మొదటి భాగంలో రాస్తాం. సంతకం పెట్టి, ఓటు వేయనని వెళ్ళిపోయినవాళ్ళ లెక్క వేరే గడిలో ఉంటుంది. ప్రతిని అక్కడున్న అభ్యర్థుల ఏజెంట్లకు ఇచ్చి సంతకం తీసుకుంటాం. చాలామంది దాన్ని జేబులో మడిచి పెట్టుకుని చొక్కాతో పాటే ఉతికించేస్తారు!

టీవీలో సాయంత్రం చెప్పిన శాతంతో మాత్రం పోల్చకండి. అది ఫోన్లలో అందిన అంచనా. గడువులోగా వరుసలో నిలబడ్డవాళ్ళందరూ ఓటేసేదాకా పోలింగ్ సాగుతుంది. పోస్టల్ ఓట్లు ఫారం 20 చివర విడిగా ఉంటాయి, ఏ బూత్‌కూ చెందవు. ఉదయం యంత్రాన్ని పరీక్షించడానికి వేసే నమూనా ఓట్లను చెరపడం మరిచిపోతే యంత్రంలో మొత్తం పెరిగిపోతుంది. అలాంటి యంత్రాన్ని లెక్కింపులో పక్కన పెడతారు.

నూట డెబ్బై ఐదు:
ఆ 17సిని అందరికీ కనబడేలా పెట్టమనే కదా 2024లో ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ సుప్రీంకోర్టును అడిగింది! ఎన్నికల నడుమ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేమని మే 24న కోర్టు చెప్పింది. మర్నాడే ఎన్నికల సంఘం అప్పటికి ముగిసిన అయిదు దశలకూ పోలైన ఓట్ల సంఖ్యలు విడుదల చేసింది, కానీ లోక్‌సభ నియోజకవర్గాల వారీగా. బూత్ అంకె కావాలంటే మళ్ళీ ఏజెంటు గడప తొక్కాల్సిందే. అదే ఏడాది డిసెంబరులో ఎన్నికల నిర్వహణ నియమావళిలోని 93వ నిబంధన సవరించి, నియమావళిలో పేర్కొన్న పత్రాలనే ప్రజలు చూడవచ్చన్నారు. బూత్‌లోని కెమెరా దృశ్యాలు ఆ లెక్కలోకి రావు. తలుపు తెరిచి, గుమ్మానికి అడ్డంగా బల్ల వేసినట్టుంది నాకు.

పట్టికల పిచ్చి:
ముద్ర పడిన అంకె గురించి బెంగ వద్దు. ఆ వరుసలో అభ్యర్థుల ఓట్లు, నోటా కూడితే మొత్తం వస్తుంది. ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) ఒక్కోసారి 1ని 7గానూ 3ని 8గానూ చదువుతుంది కాబట్టి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కూడండి. రెండూ కలిసిన వరుసనే నమ్మండి. ఓటర్ల జాబితాతో మాత్రం ఈ కిటుకు పనిచేయదు, పేర్లకు మొత్తాలుండవు కదా. దాన్ని వెతకడానికి వీలైన రూపంలో ఇమ్మని కాంగ్రెస్ నేత కమల్‌నాథ్ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018లోనే తోసిపుచ్చింది.

కృష్ణా తీరం:
మాస్టారూ, ఒక ఏజెంటు దగ్గర 17సి భద్రంగా ఉందట, బీరువాలో పొలం కాగితాల మధ్య. రేపు ఫోటో తీసుకుంటాను. పక్క బూత్ ఏజెంటు ఈమధ్యే పార్టీ మారాడు. అడిగితే ముందు ఎందుకని అడుగుతాడు.