పసిపాపకి బెడ్‌సైడ్ క్రిబ్ కొనాలా, చీర ఉయ్యాల చాలదా?

చీపురుపల్లి_నాన్న
పన్నెండు రోజుల క్రితం మాకు పాప పుట్టింది. 36 వారాలకే ఆపరేషన్ చేసి తీశారు, బరువు 2 కిలోల 200 గ్రాములు. తల్లీబిడ్డా క్షేమం. మా ఆవిడ ఇప్పుడు నరసన్నపేటలో పుట్టింట్లో ఉంది, నేను శనివారం శనివారం వెళ్ళొస్తున్నాను.

పాప ఎక్కడ పడుకోవాలన్న దగ్గర ఇల్లు రెండు పార్టీలైపోయింది. బెంగళూరులో ఉన్న మా అక్క ఒక బెడ్‌సైడ్ క్రిబ్ లింకు పంపింది. దాన్ని తల్లి మంచానికి ఆనించి బెల్టులతో కట్టేస్తారు. మంచం వైపు అంచు కిందికి దిగుతుంది, తల్లి దిగకుండానే చెయ్యి చాపి బిడ్డని తీసుకోవచ్చు. ధర పదకొండు వేలు. మా అత్తగారేమో దూలానికి కట్టడానికి పొందూరు ఖద్దరు చీర ఒకటి ఉతికి ఆరేసి ఉంచారు. ఇరవై ఒకటో రోజు బారసాలకి ఉయ్యాలలో వేస్తారట, అప్పటిదాకా తల్లి పక్కలోనే. మా ఆవిడకి కుట్లు ఇంకా సలుపుతున్నాయి. రాత్రి పాలకి లేచిన ప్రతిసారీ ఏడుపొస్తోంది అంటోంది.

పదకొండు వేలు మాకు చిన్న మొత్తం కాదు. అవసరమే అయితే అప్పు చేసైనా కొంటాను. నిజంగా అవసరమా, లేక అక్క అనవసరంగా టెన్షన్ పెడుతోందా?

టెక్కలి_తాతయ్య
ముందుగా పాపకి దీవెనలు బాబూ. మేం తొమ్మిది మంది సంతానం. అందరం మా అమ్మ పాత చీర ఉయ్యాల్లోనే పెరిగాం. ఉయ్యాల్లో గాలి తగుల్తుంది, చీమ పట్టదు. ఏడిస్తే వంట చేసుకుంటూనే తాడు పట్టి ఒక లాగు లాగితే చాలు, ఊరుకుంటారు. మీ అక్కకి చెప్పు, ఆ పదకొండు వేలూ పాప పేరున పోస్టాఫీసులో వెయ్యమని.

నాగావళి
పసిపిల్లల వార్డులో పద్నాలుగేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. తాతయ్యగారి మీద గౌరవంతోనే కాదంటున్నాను. ఈ పాప విషయంలో రెండు సంగతులు మర్చిపోకండి: నెల తక్కువ పుట్టింది, రెండున్నర కిలోల లోపు ఉంది. కాబట్టి మిగతా పిల్లల లెక్క ఈ పాపకి పనికిరాదు.

చీర ఉయ్యాలలో వేస్తే బిడ్డ వీపు విల్లులా వంగుతుంది. మెడ నిలబడని పిల్ల కదా, గడ్డం వచ్చి గుండెకి ఆనుతుంది. పెద్దవాళ్ళమైతే తల ఎత్తి ఊపిరి తీసుకుంటాం. ఇంత పాపకి ఆ బలం ఉండదు. సన్నటి గొట్టాన్ని మడిచినట్టు ఊపిరి దారి మడతపడుతుంది. శబ్దం కూడా రాదు, బయటికి హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. దానికి తోడు చీర రెండు వైపుల నుంచీ ముఖం మీదికి మూసుకుంటుంది. అందుకే పసిపిల్లలు పడుకునే చోటు ఎత్తుపల్లాలు లేకుండా చదునుగా ఉండాలి అనేది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో మళ్ళీ రాసిన సూచనల్లో పది డిగ్రీల కంటే వాలుగా ఉన్న దేన్లోనూ బిడ్డని నిద్రపుచ్చవద్దని ఉంది. పరుపు గట్టిగా ఉండాలి, బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి, చుట్టూ ఏమీ ఉండకూడదు. దిండు, బొంత, బొమ్మ, పక్కకి దొర్లకుండా పెట్టే గుండ్రటి దిళ్ళు, ఏవీ వద్దు. ఆవాల దిండు కూడా వద్దండీ, ఇది చెప్తే ప్రతి ఇంట్లోనూ నాకు తిట్లే.

మరి తల్లి పక్కలో? ఒకే గదిలో ఉండడం మంచిది, కనీసం ఆరు నెలలు. ఒకే పరుపు మీద మాత్రం, అందులోనూ ఇంత చిన్న పాపకి, ప్రమాదం ఎక్కువ. మీవాళ్ళ ఇంట్లో బూరుగు దూది పరుపు ఉంటే ఇంకా ఎక్కువ, బిడ్డ బోర్లా తిరిగితే ముఖం అందులో కూరుకుపోతుంది.

క్రిబ్బే కొనాలని నేను అనడం లేదు. అమ్మకి చెయ్యందేంత దూరంలో చదునైన, గట్టి, ఖాళీ చోటు ఒకటి కావాలి. అది ఎన్ని వేలదైనా ఒకటే.

టెక్కలి_తాతయ్య
తొమ్మిది మందీ బతికే ఉన్నాం కదమ్మా. నాకు డెబ్భై మూడు.

నాగావళి
నిండు నూరేళ్ళు ఉండండి తాతయ్యా. కోపం తెచ్చుకోకుండా ఒక్క మాట చెప్పండి. తొమ్మిది మంది పెరిగారు సరే, అమ్మగారు ఎంతమందిని కన్నారు?

టెక్కలి_తాతయ్య
పదకొండు మందిని.

ఆ ఇద్దరి గురించి ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. ఒకడు ధనుర్వాతంతో పోయాడు, మంత్రసాని కొడవలితో బొడ్డు కోసింది. రెండోది ఆడపిల్ల, ఎందుకు పోయిందో తెలీదు. పొద్దున్నే చూస్తే లేదు అని మా అమ్మ ఒకేసారి చెప్పింది. ఉయ్యాల వల్లే అని నువ్వు చెప్పలేవు, కాదు అని నేను చెప్పలేను.

నాగావళి
నిజమే, చెప్పలేను. క్షమించండి, అలా అడగకుండా ఉండాల్సింది. పసికందుల ధనుర్వాతం మన దేశంలో దాదాపు పోయినట్టేనని 2015లో ప్రకటించారు. అది టీకాల వల్లా, శుభ్రమైన కాన్పుల వల్లా జరిగింది. నిద్రలో పోయేవాళ్ళకి టీకా లేదు. పడుకోబెట్టే తీరు మార్చుకోవడమే మన చేతిలో ఉన్నది.

ఆమదాలవలస_టు_లీడ్స్
నేను ఇంగ్లండులో ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నాను, ఇద్దరికీ బెడ్‌సైడ్ క్రిబ్ వాడాను. 1991లో ఇక్కడ పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం చేశాక నిద్రలో చనిపోయే పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. అంతకు ముందు ఇక్కడి డాక్టర్లే బోర్లా పడుకోబెట్టమనేవారు. అంటే తప్పు మన అమ్మమ్మలు మాత్రమే చెయ్యలేదు.

క్రిబ్బుకి ఒక నిజమైన లాభం ఉంది. న్యూకాజిల్‌లో ఒక ఆసుపత్రిలో కాన్పైన తల్లుల్ని రాత్రుళ్ళు వీడియో తీసి చూశారు, 2006లో అచ్చైంది. మంచానికి ఆనించిన తొట్టెలో బిడ్డ ఉన్న తల్లులు, విడిగా ఉన్న తొట్టె వాళ్ళకంటే ఎక్కువసార్లు పాలిచ్చారు. ఆపరేషన్ అయిన మనిషికి అది చిన్న మేలు కాదు.

కొనేటప్పుడు మాత్రం రంగూ, రేటింగూ చూసి మోసపోవద్దు. ఇక్కడి కొత్త ప్రమాణం ప్రకారం మంచం వైపు అంచు పూర్తిగా కిందికి దిగిపోకూడదు, లోపల కనీసం 12 సెంటీమీటర్ల గోడ మిగలాలి. పాత మోడళ్ళలో ఆ వైపు చదునుగా పోయేది, బిడ్డ దొర్లి పెద్ద మంచం మీదికో మధ్య సందులోకో వెళ్ళే వీలుండేది. మీ అక్క పంపిన లింకులో ముందు అది చూడండి. ఇంకోటి, ఒక కాలు ఎత్తు పెంచి తల వైపు వాలుగా పెట్టొచ్చు, పాలు కక్కకుండా ఉంటుంది అని రాస్తారు. ఆ సౌకర్యం ఉన్నా వాడకండి.

పెద్ద కంపెనీదైతే ఫరవాలేదు అనుకునేవాళ్ళకి: అమెరికాలో ఫిషర్ ప్రైస్ రాక్ ఎన్ ప్లే అనే వాలు తొట్టెని 2019లో వెనక్కి తీసుకున్నారు. దాదాపు 47 లక్షలు అమ్ముడయ్యాయి, ముప్పై మందికి పైగా పిల్లలు పోయారు. 2022లో అలాంటి వాలు తొట్టెల్నీ, చుట్టూ కట్టే మెత్తల్నీ చట్టం చేసి నిషేధించారు. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఆ చుట్టూ కట్టే మెత్తలు ఇప్పటికీ సెట్టులో ఉచితంగా ఇస్తున్నారు. వస్తే తీసి కుర్చీ మీద వేసుకోండి.

పొందూరు_అక్క
లీడ్స్ చెల్లీ, నువ్వు చెప్పినవన్నీ నిజమే కానీ మా ఊళ్ళో రాత్రి కరెంటు పోతుంది. నేనూ క్రిబ్ కొన్నాను. మూడు పక్కలా వల ఉన్నా గాలి ఆడదు, అడుగున ప్లాస్టిక్ కవరు, పిల్లాడి వీపంతా చెమటకాయలు. నెల తిరక్కుండా అది బట్టలు ఆరేసుకునే స్టాండైపోయింది.

తర్వాత నేను చేసింది చెప్తాను. నా మంచం పక్కనే నవారు బిగించిన చిన్న మంచం, దాని మీద పలచటి గట్టి పరుపు, పైన దుప్పటి బిగుతుగా కట్టడం. దోమతెర గొడుగులా వేలాడేది కాదు, నాలుగు కర్రలకి కట్టి అంచులు పరుపు కింద దోపేది. కింద చాప మీద పడుకోబెట్టమని మా ఆడపడుచు చెప్పింది. చదునుగా, గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ వానాకాలంలో మా వైపు కట్లపాము రాత్రిపూట పక్కలోకి వస్తుంది. ఎక్కువగా కింద పడుకున్నవాళ్ళనే కరుస్తుంది. దోపిన తెర ఉన్న మంచం దానికి కూడా మందే.

ఇంకోటి, మగవాళ్ళు ఆలోచించనిది. మంచం మీద పాలివ్వొద్దు అని భయపెడితే తల్లి ఏం చేస్తుందో తెలుసా? సోఫాలో కూర్చుని ఇస్తుంది, అక్కడే కునికిపోతుంది. నా చెయ్యి జారి పిల్లాడు సోఫా మూలలో ఇరుక్కున్నాడు ఒక రాత్రి. మా అమ్మ నీళ్ళకి లేవబట్టి చూసింది. ఇప్పటికీ గుర్తొస్తే చేతులు వణుకుతాయి.

నాగావళి
అక్క చెప్పింది అక్షరాలా నిజం. సోఫాలో బిడ్డతో నిద్రపోవడం మంచం మీద కంటే చాలా ప్రమాదం. నిద్ర ఆగదనిపిస్తే మంచం మీదే, దిళ్ళూ దుప్పట్లూ దూరంగా నెట్టి పాలివ్వండి, మెలకువ రాగానే బిడ్డని తన చోటుకి మార్చండి. నవారు మంచం మాత్రం వారానికోసారి బిగించాలి అక్కా. వదులైతే అదీ ఉయ్యాలే.

బొబ్బిలి_వడ్రంగి
బొబ్బిలి అనగానే వీణలు చేస్తారా అంటారు. నేను మంచాలు చేస్తాను. చీపురుపల్లి తమ్ముడికి ఒక ప్రశ్న: మీ అత్తవారింట్లో మంచం ఏ రకం? ఇప్పుడు అందరూ కింద సామాన్లు పెట్టుకునే పెట్టె మంచాలే చేయించుకుంటున్నారు. ఈ బెడ్‌సైడ్ క్రిబ్ కాళ్ళు పెద్ద మంచం కిందికి దూరాలి. పెట్టె మంచానికి కింద సందు ఉండదు, కాళ్ళు అక్కడే ఆగిపోతాయి, మధ్యలో జానెడు ఖాళీ మిగుల్తుంది. మా ఊళ్ళో ఒకాయన ఆ ఖాళీలో దిండు కుక్కేశాడు. అది చూసి నాకే భయమేసింది.

ఇంకో తిరకాసు, మన మంచాలకి పక్క పట్టె పరుపు కంటే పైకి లేచి ఉంటుంది. రెండు పరుపుల ఎత్తూ కలవదు. బెల్టు పరుపు కింద నుంచి అవతలి పట్టెకి బిగించాలి, నడుమ వేలు కూడా దూరకూడదు. ఈ మూడూ కుదిరితేనే కొనండి, లేదంటే ఊరికే డబ్బు దండగ.

అన్నట్టు, విడి తొట్టె చేయించుకుంటే కమ్మీల మధ్య ఆరు సెంటీమీటర్ల కంటే ఎక్కువ వదలొద్దు, తల ఇరుక్కుంటుంది. ఒక పక్క జారే తలుపు పెట్టమని అడుగుతారు, నేను పెట్టను. అమెరికాలో అలాంటివి 2011 నుంచి అమ్మనివ్వడం లేదని విన్నాను. రంగు వెయ్యొద్దు, నున్నగా చిత్రిక పట్టి వదిలెయ్యండి. పళ్ళొచ్చాక పిల్లలు కొరుకుతారు.

చీపురుపల్లి_నాన్న
పెట్టె మంచమే అన్నా. ఫోన్ చేసి అడిగాను.

పైగా అక్క పంపిన క్రిబ్ అంచు పూర్తిగా కిందికి దిగేదే. లింకు మూసేశాను.

నాగావళి
అయితే మంచం పక్కన విడిగా తొట్టె పెట్టండి. ఈ బరువు పాపకి మీ ఆవిడ మెలకువగా ఉన్నప్పుడు కంగారూ పద్ధతి కూడా చేయమనండి. బిడ్డని గుడ్డతో గుండెకి కట్టుకుని, కాస్త వాలి కూర్చుని, బిడ్డ ముఖం కనబడేలా. రోజుకి ఎనిమిది గంటలకి తగ్గకుండా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మీరూ వంతు తీసుకోవచ్చు, తండ్రి గుండె కూడా వెచ్చగానే ఉంటుంది. నిద్రలో పాపకి టోపీ తీసెయ్యండి. మన ఎండల్లో తల మూసేస్తే ఒంట్లో వేడి బయటికి పోదు.

టెక్కలి_తాతయ్య
మరి బారసాల నాడు ఉయ్యాల్లో వెయ్యకూడదా? అది కూడా మానేస్తే పేరెలా పెడతారు?

నాగావళి
వెయ్యండి తాతయ్యా, పాట పాడండి, పేరు పెట్టండి. పది మంది చుట్టూ నిలబడి చూస్తుంటారు కదా. నిద్రపోగానే తీసి చదునైన చోట పడుకోబెట్టండి.

చీపురుపల్లి_నాన్న
ఆదివారం నరసన్నపేట వెళ్ళొచ్చాను. ఆపరేషన్ అయిన పిల్ల వంగకూడదని చెప్పి, ఎత్తు సరిపోయే తొట్టె ఒకటి మా బావమరిది స్నేహితుడి ఇంటి నుంచి తెచ్చాం. వాళ్ళ బాబుకి ఇప్పుడు రెండేళ్ళు. కమ్మీల సందు కొలిచాను, ఐదున్నర. పరుపు అంచుల్లో రెండు వేళ్ళు దూరుతున్నాయి, కొత్త పరుపు కోయించాలి. రాత్రి తొట్టె, పగలు ఎవరైనా పక్కన కూర్చుంటేనే ఉయ్యాల అని అత్తగారితో ఒప్పందం. ఆవాల దిండు మీద మాత్రం ఒప్పుకోలేదు. తల గుండ్రంగా రాకపోతే రేపు పెళ్ళిచూపుల్లో ఎవరిని అంటారు అని అడిగారు. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేసి ఆడిస్తే తల బల్లపరుపు కాదని మా ఆవిడ చెప్పింది. నమ్మినట్టు లేరు.

బొబ్బిలి_వడ్రంగి
ఆ తొట్టెకి చక్రాలున్నాయా తమ్ముడూ? ఉంటే లాక్ పడుతున్నాయో లేదో చూసుకో.

చీపురుపల్లి_నాన్న
నాలుగు చక్రాలన్నా. రెండు పడుతున్నాయి, రెండు పడట్లేదు. నీ దగ్గరికి తీసుకొస్తే పీకేసి మామూలు కాళ్ళు వేస్తావా?