క్రిస్మస్ పనులు మీ ఇంట్లో ఎప్పుడు మొదలవుతాయి?

ప్రశ్న: అందరికీ వందనాలు. పెళ్లయ్యాక గుంటూరులో నాకిది మొదటి క్రిస్మస్. మా అత్తగారు నవంబరు మొదటి వారంలోనే బట్టలు కొనాలంటున్నారు; మా పుట్టింట్లో డిసెంబరు 15 దాటితే గాని బజారుకు వెళ్లేవారు కాదు. మీ ఇళ్లలో ఆనవాయితీ ఏమిటి?

జవాబు 1: అమ్మా, మీ అత్తగారి మాటే సబబు. బట్టలు కొనడం ఒక పూట పనే గాని, డిసెంబరు వచ్చాక దర్జీలు కొత్త కుట్టుపని ఒప్పుకోవడం కష్టం కాబట్టి, జాకెట్లూ పిల్లల గౌన్లూ నవంబరులోనే ఇచ్చేయడం మంచిది. అరిసెలు మాత్రం మేము 22, 23 తేదీల్లోనే వండుతాము. తాజాగా ఉంటేనే ఇరుగుపొరుగుకు పంచడానికి మనసొప్పుతుంది.

జవాబు 2: మాది మెదక్. మేము ఆగమన కాలాన్ని బట్టి నడుచుకుంటాము. అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం; వాటిలో మొదటిది నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది. ఆ వారమే ఇంటికి సున్నం వేయించి, వాకిట్లో నక్షత్రం కడతాము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మా పెద్ద చర్చికి పండుగనాడు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు కనుక, చుట్టాలకు కావలసిన సరుకులన్నీ 20లోగా ఇంటికి చేరాలి.

జవాబు 3: పోయినేడు ఆలస్యం చేసినందుకు మా పాప గౌను 26న చేతికొచ్చింది. క్రిస్మస్ రాత్రి ఆరాధనలో పాప ముఖం చూడలేకపోయాను. ఈసారి అక్టోబరులోనే కొలతలు ఇచ్చాను.