మతిమరుపు ఉన్న అమ్మకు రోబో పిల్లిని ఇస్తే అది మోసమా?

పర్లాకిమిడి అమ్మాయి:
మా అమ్మకు డిమెన్షియా. అమెరికాలో ఉన్న అన్నయ్య దసరాకు వచ్చేటప్పుడు రోబో పిల్లిని తెస్తానంటున్నాడు. నిమిరితే గురగురలాడుతుందట, తల తిప్పి చూస్తుందట. అమ్మ దాన్ని నిజం పిల్లే అనుకుని మమకారం పెంచుకుంటుందేమోనని నాకు టెన్షన్. నాన్నయితే "కట్టుకున్నదాన్ని బొమ్మ ఇచ్చి ఏమార్చమంటావా?" అని మండిపడ్డారు. మీరేమంటారు?

మాస్టారు, బరంపురం:
నేను మీ నాన్నగారి పక్షమే. మన గంజాం కుర్రాళ్లు సూరత్ మరమగ్గాలకు పోతే చాలా ఇళ్లలో ముసలివాళ్లే మిగిలారు. వాళ్లకు కావలసింది పక్కన కూర్చునే మనిషి. బొమ్మ వచ్చాక "అమ్మకు తోడుంది కదా" అని పిల్లలు ఫోన్ చెయ్యడం తగ్గిస్తారు, నా భయం అదే.

ఇక మమకారం సంగతి. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి ప్రకటించారు. మనం అన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం దాని పని. అది తయారవుతుండగా చూసిన ఆయన సెక్రటరీయే, దానితో మాట్లాడుతూ, కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్ని అడిగింది. అన్నీ తెలిసినామె సంగతే అది. మతి తప్పిన తల్లి చేతికి అలాంటిది ఇవ్వడమంటే ఆమె బలహీనతను వాడుకోవడమే.

చక్రాల కుర్చీ, రాయగడ:
మాస్టారూ, వాడేవాళ్లను ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే చెబుతున్నాను. నాకు కాళ్లు చచ్చుబడ్డాయి, చేతుల్లో పట్టు లేదు. ఇది కూడా ఫోన్‌కు నోటితో చెప్పి రాయిస్తున్నాను.

కాలిఫోర్నియాలో హెన్రీ ఎవాన్స్ అనే ఆయనకు 2002లో స్ట్రోక్ వచ్చి మాట, కాళ్లు, చేతులు పోయాయి. కొన్నేళ్ల తర్వాత తల కదలికతో రోబోను నడిపించి తన గడ్డం తనే గీసుకున్నారు, దురద పెట్టిన చోట గోక్కున్నారు. ముఖం మీద ఈగ వాలితే మనిషిని పిలవాల్సి రావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాంటి యంత్రం నా ఇంట్లో ఉంటే దాన్ని తప్పకుండా ప్రేమిస్తాను, పేరు కూడా పెడతాను. మా ఆవిడ పొద్దంతా నా పనులు చేసి అలిసిపోతుంది, రాత్రికి నాతో మాట్లాడే ఓపిక ఉండదు. ఆ పనులు యంత్రం చేస్తే మాకు మాట్లాడుకునే పొద్దు మిగులుతుంది. మనుషుల్ని దూరం చేస్తుందని ముందే తేల్చేయకండి.

భయపడాల్సింది కంపెనీ గురించి. సోనీ 2006లో ఐబో అనే రోబో కుక్కల తయారీ ఆపేసింది, 2014లో రిపేర్లూ మానేసింది. జపాన్‌లో యజమానులు వాటికి బౌద్ధ గుడిలో అంత్యక్రియలు చేయించారు. జీబో అనే మాట్లాడే రోబో సర్వర్లను 2019లో ఆపేస్తుంటే అది తన యజమానులకు తనే వీడ్కోలు చెప్పింది. ఇష్టాన్ని పెంచి అమ్ముకున్నవాళ్లు ఒకరోజు తీగ పీకేస్తే అడిగేవారెవరు? మోసం అంటే నా లెక్కలో ఇదీ.

మాస్టారు, బరంపురం:
తమ్ముడూ, గడ్డం గీసే చెయ్యి వేరు, ప్రేమ నటించే పిల్లి వేరు. మొదటిదానికి నేనెప్పుడూ అడ్డు చెప్పను. నీకు అది యంత్రమని తెలుసు. ఆ తల్లికి తెలియదు.

నర్సు, గుణుపురం:
డిమెన్షియా ఉన్నవాళ్లతో వాదన పెట్టుకోకూడదు. ఆమె పిల్లి అంటే పిల్లే అనండి, బొమ్మ అంటే బొమ్మే అనండి. ఆమె అడిగితే మాత్రం నిజం చెప్పండి. జపాన్‌లో షిబాతా గారు తయారుచేసిన పారో అనే రోబోకు, అంటే సీల్ అనే సముద్రపు జంతువు రూపంలో ఉన్నదానికి, అమెరికాలో 2009లో వైద్య పరికరంగా అనుమతి వచ్చింది. ఆయన ముందు పిల్లి రూపంలో చేస్తే జనం నిజం పిల్లితో పోల్చి పెదవి విరిచారట, అందుకే ఎవరూ దగ్గరగా చూడని సీల్‌ను ఎంచుకున్నారు. మీ అమ్మగారు పిల్లుల్ని పెంచిన మనిషైతే దాన్ని త్వరగానే పక్కన పెట్టేయొచ్చు.

ఇంకోటి. పర్లాకిమిడి ఇళ్లలో ఒక ముక్క తెలుగు, ఒక ముక్క ఒడియా కదా. ఆ కలగలుపు మాట రోబోకు అర్థం కాకపోవచ్చు, మాట్లాడే రోబో కంటే మాట్లాడని ఈ పిల్లే నయం.

పర్లాకిమిడి అమ్మాయి:
సిస్టర్, అమ్మ ఆవుల్నే పెంచింది. రాయగడ అన్నయ్యా, ఇది బ్యాటరీలతోనే నడుస్తుంది, సర్వర్ లేదు, కనుక్కున్నాను. మీ అందరి మాటలూ నాన్నకు చదివి వినిపించాను. తెమ్మన్నారు గానీ ఒక షరతు పెట్టారు: పిల్లి వచ్చాక కూడా అన్నయ్య రోజూ సాయంత్రం ఫోన్ చెయ్యాలి, లేకపోతే దాన్ని తీసి దాచేస్తారట.

మాస్టారు, బరంపురం:
చెల్లెమ్మా, నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ దాచేసే మాట మాత్రం వద్దని నాన్నగారికి చెప్పు. కొడుకు తప్పుకు అమ్మకెందుకు శిక్ష? ఇచ్చాక అది ఆమెది. పాడైతే వెంటనే మార్చడానికి అలాంటిదే ఇంకోటి కూడా తెమ్మని మీ అన్నయ్యకు ఇప్పుడే చెప్పు.