బండి కవర్ల ఇనుప పంచ్ దొరికింది. కేసైతదా, కాదా?

పానగల్ కట్ట:
మా చిన్నాయన కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న రాత్రి దోస్తు పెండ్లి చూసుకొని వస్తుంటే వాహనాల తనిఖీల ఆపిండ్రు. లైసెన్స్ ఉన్నది, ఆర్సీ ఉన్నది, హెల్మెట్ కూడ ఉన్నది. అన్నీ ఉన్నయని ఖుషీగ నిలబడ్డడట. ట్యాంకు కవర్ జిప్పు తీసేసరికి ఇనుప పంచ్ బయటపడ్డది. నాలుగు వేళ్లు దూర్చి పిడికిలి బిగించేది, గదే. ఆన్‌లైన్ల ‘పేపర్ వెయిట్’ అని పేరు పెట్టి అమ్ముతున్నరు. మావోని ఇంట్ల ఎగిరిపోయే కాయితం ఒక్కటి లేదు.

పంచ్ తీసుకున్నరు, ఫోన్ తీసుకున్నరు, చిన్నాయనను పిలిపించి రాత్రి పన్నెండు దాక కూసోబెట్టిండ్రు. పోయేటప్పుడు ఫోన్ ఇచ్చిండ్రు, పంచ్ ఇయ్యలే. కేసు రాయలే. ‘మళ్ల దొరికితే ఆర్మ్స్ యాక్టే’ అని చెప్పి పంపిండ్రు.

మావోడేమో ‘ఎవర్ని కొట్టిన? ఎవర్ని బెదిరిచ్చిన? పైసలిచ్చి కొనుక్కున్న’ అంటడు. చిన్నాయన ఏమనకుండ రెండు చరిచిండు. నాకు ఇద్దరి మాటా సగం సగం నిజమే అనిపిస్తున్నది. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

బీటెక్ బ్యాక్‌లాగ్:
ఇండ్ల తప్పేమున్నదన్నా? మా ఊర్ల పొద్దున లేస్తే గొడ్డలి భుజాన ఏసుకొని పోతరు. గొర్లకాడికి పోయేటాయన చేతుల దుడ్డుకర్ర ఉంటది, దాంతోని నెత్తి మీద ఒక్కటి పడ్తే మనిషి మిగలడు. గివన్ని చల్తయి గని అరచేతిల పట్టే ఇనుప ముక్క మాత్రం ఆయుధమా? అమ్మేటోన్ని వదిలిపెట్టి కొన్నోన్ని పట్టుకునుడు అలవాటైంది. తప్పైతే ముందు అమ్మకం బంజేయమనుండ్రి.

నల్గొండ వకీలు:
బ్యాక్‌లాగ్ తమ్ముడి గొడ్డలికి చట్టంలోనే జవాబుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మనం ఆర్మ్స్ యాక్ట్ అంటున్నది 1959 నాటి చట్టం. ఆయుధం అంటే ఏమిటో సెక్షన్ 2 చెబుతుంది. దాడికి గాని, రక్షణకు గాని ఆయుధంగా తయారుచేసిన లేదా అలా మలిచిన వస్తువు ఏదైనా ఆయుధమే. కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో తయారైనవి, లాఠీ, మామూలు చేతికర్ర లాంటివి, అందులోకి రావు. ఎంత గట్టిగా తగులుతుందని చట్టం అడగదు. దేనికోసం తయారైందని అడుగుతుంది. గొడ్డలి కట్టె కొట్టడానికి పుట్టింది. పంచ్ దేనికి పుట్టింది?

ఇక్కడిదాకా పోలీసుల వాదన గట్టిదే. తర్వాతి మెట్టు దగ్గర తడబడుతుంది. తుపాకీకి లైసెన్స్ దేశమంతటా కావాలి, అది సెక్షన్ 3. తుపాకీ కాని ఆయుధాలకు సెక్షన్ 4 ఉంది. ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధం లైసెన్స్ లేకుండా ఎవరి దగ్గరా ఉండకూడదని గెజిట్‌లో నోటిఫికేషన్ రావాలి. వచ్చిన చోట దాన్ని దగ్గర పెట్టుకుంటే సెక్షన్ 25 కింద ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఢిల్లీలో బటన్ చాకుల మీద 1980లో అలాంటి నోటిఫికేషన్ ఇచ్చారు. అక్కడి చాకు కేసుల్లో ఇప్పటికీ వాదనంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇక ఆర్మ్స్ రూల్స్‌లో తుపాకీ కాని ఆయుధాల జాబితా, అంటే ఐదో కేటగిరీ చూస్తే కత్తులు, బాకులు, బల్లేలు, బ్లేడు 9 అంగుళాలకు మించి పొడవో 2 అంగుళాలకు మించి వెడల్పో ఉన్న చాకులు, స్టీల్ లాఠీలు ఉన్నాయి. పంచ్‌ను పేరు పెట్టి రాయలేదు. అందుకే ఇలాంటి కేసు నా చేతికొస్తే ముందు అడిగేది ‘నోటిఫికేషన్ కాపీ ఏదీ?’ అనే.

మాజీ హెడ్డు:
వకీలు సాబ్ చెప్పింది కోర్టు ముచ్చట. రోడ్డు మీది ముచ్చట వేరు. ముప్పై ఏండ్లు ఈ దిక్కే పోలీసు నౌకరి చేసి దిగిన. పేపర్ల ఓ మూలకు వస్తది, మీరెవ్వరు చదవరు: ‘జిల్లాలో నెల రోజులు 30, 30ఏ పోలీస్ యాక్ట్ అమలు’. 1861 నాటి యాక్టు. సభలకు, ఊరేగింపులకు పర్మిషన్ కావాలంటరు గని, అదే ప్రకటనల కత్తులు, కర్రలు, నేరానికి పనికొచ్చే ఏ ఆయుధం పట్టుకొని తిరగొద్దని కూడ రాస్తరు. జరిమానా 200 రూపాయలు దాటదు. పైసల కోసం కాదది. ఆపి అడిగెటందుకు మా చేతిల ఒక ఆధారం ఉండాలె, గంతే.

చెర్వుగట్టు జాతర, పెద్దగట్టు జాతర బందోబస్తుల మస్తు చూసిన. కొట్లాట ఏం పెద్ద కారణానికి మొదలుగాదు. కాలు తొక్కిండు, బండి అడ్డం పెట్టిండు. ఉట్టి చేతులైతే అంగీలు చినుగుతయి, పెద్దమనుషులు కూసోబెట్టి మాట్లాడ్తరు, ఒడిసిపోతది. జేబుల పంచ్ ఉన్నోడు మాటల దాక ఆగడు. ఉన్నది గదా అని తీస్తడు. గట్లనే ఒక పోరడు ఒక్కటే గుద్దు గుద్దిండు. అవతలోనికి దవడ పగిలింది, మనోనికి నడిమి వేలు ఇరిగింది. ఇద్దరు ఒకటే వార్డుల పండిండ్రు.

ఓయూ హిస్టరీ:
అడ్డం వస్తున్నందుకు ఏమనుకోవద్దు. పంచ్ బయటి దేశం నుంచి వచ్చిన వస్తువని చాలమంది అనుకుంటరు గని మన దిక్కు పాతదే. మైసూరు దసరాల ఇప్పటికీ జెట్టి మల్లులు వజ్రముష్టి, అంటే పంచ్ లాంటి పిడికిలి ఆయుధం తొడుక్కొని ప్యాలెస్ల కుస్తీ పడ్తరు. నెత్తురు చుక్క కనపడంగనే ఆట బందు. రాజు ముందట, నియమంతోని, ఇద్దరి చేతులల్ల ఉంటది. ట్యాంకు కవర్ల కాదు.

గీతకత్తి:
తమ్మి గొడ్డలిని తెచ్చిండు కాబట్టి నేను కత్తిని తెస్త. మా నాయన గీత కార్మికుడు. నడుముకు మోకు, ముత్తాదు, కత్తి. ఆ కత్తికి తాడిచెట్టు గెల ఒక లెక్క గాదు. తెల్లారకముందే టీవీఎస్ మీద పోతుంటడు. ఇన్నేండ్లల్ల ఎవ్వరు పట్టలే. ఆపినా ‘కల్లు మంచిగ పారుతున్నదా మామా’ అని అడిగి పంపుతరు.

అదే కత్తి నేను రాత్రి పదకొండుకు బస్టాండుల పట్టుకొని నిలబడ్డ అనుకోండ్రి. కత్తి అదే, పుట్టింది కల్లుగీతకే. నన్ను పట్టకుంట వదులుతరా? వదలొద్దు కూడ. పనికి పోయేటోని ఒంటి మీద పని కనపడ్తది. మోకు ఉంటది, కుండ ఉంటది, కల్లు వాసన ఉంటది. పంచ్ పక్కన ఏం కనపడ్తది? మీ తమ్ముని కవర్ల ఇంకేమున్నదో అడిగినవా అన్నా?

పానగల్ కట్ట:
అడిగిన. పెట్రోల్ బిల్లులు, ఒక దువ్వెన.

జడ్చర్ల నైట్ డ్యూటీ:
అందరు మగపిల్లల కొట్లాట గురించే మాట్లాడుతున్నరు. నేను నర్సును. షిఫ్టు దిగేసరికి రాత్రి పది దాటుతది. బస్సు దిగినంక ఇంటికి కిలోమీటరున్నర. నడుమ ఒక వెంచర్, రాళ్లు పాతిండ్రు గని లైట్లు పెట్టలే. మా తమ్ముడు పిల్లి మొహం కీచైన్ కొనిచ్చిండు. కండ్ల బొక్కలల్ల రెండు వేళ్లు పెడ్తే చెవులు మొనదేలి ముందటికొస్తయి. గులాబి రంగు, చూస్తే ముద్దొస్తది.

వకీలు సార్, ఇది కూడ ఆయుధమేనా? నా సంచి తెరిస్తే నన్ను కూడ పన్నెండు దాక కూసోబెడ్తరా? షీ టీమ్ నంబరు, టీ-సేఫ్, 100 అన్నీ నా ఫోన్ల ఉన్నయి. నేను నొక్కినంక వాళ్లు వచ్చేదాక నడుమ పది నిమిషాలుంటయి. ఆ పది నిమిషాలకు మీ చట్టం ఏం చెప్తది?

నల్గొండ వకీలు:
సిస్టర్, దాచకుండా చెబుతాను. మీ పిల్లి కూడా ఆ జాతిదే. ‘దాడికి గాని, రక్షణకు గాని’ అన్నాను కదా పైన. ఆత్మరక్షణ కోసం అని ప్యాకెట్ మీద అచ్చేసినంత మాత్రాన ఆయుధం కాకుండా పోదు. నోటిఫికేషన్ వాదన మాత్రం మీకూ పనికొస్తుంది. మిమ్మల్ని ఎవరూ ఆపరు అంటారా, అది చట్టం కాదు, ఆపేవాడి మర్యాద.

పది నిమిషాల సంగతి. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఆత్మరక్షణ హక్కే. 2024 జూలై 1కి ముందు ఇవే ఐపీసీలో 96 నుంచి 106. మీదపడ్డవాణ్ని ఆపడానికి చేతికందిన దానితో కొట్టవచ్చు. అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటి వాటిలో ప్రాణం తీసేదాకా వెళ్లినా ఆ హక్కు కాపాడుతుంది. హద్దు సెక్షన్ 37లో ఉంది. అవసరానికి మించి కొట్టకూడదు, పోలీసులను ఆశ్రయించే వీలు ఉంటే ఆ హక్కే రాదు. పెప్పర్ స్ప్రే అయితే ఏ గొడవా లేదనుకుంటారు చాలామంది. ప్రాణభయం లేనప్పుడు చల్లితే అది ఆత్మరక్షణ కాదని, స్ప్రే కూడా ప్రమాదకర ఆయుధం కావచ్చని 2024లో కర్ణాటక హైకోర్టు ఒక కేసు కొట్టేయడానికి నిరాకరించింది.

పంచ్‌తో వచ్చే చిక్కు ఇంకోటి. పిడికిలితో కొడితే దెబ్బ కొంత మన కండకీ వేళ్లకీ పోతుంది. లోహానికి ఆ మెత్తదనం లేదు, మొదటి దెబ్బే ఎముక మీదికి దిగుతుంది. పన్ను ఊడినా, ఎముక విరిగినా సెక్షన్ 116 ప్రకారం తీవ్ర గాయం. ఒట్టి చేత్తో పన్ను ఊడగొడితే 117, ఏడేళ్ల లోపు, కనీస శిక్ష లేదు. అదే పన్ను ప్రమాదకరమైన ఆయుధంతో ఊడగొట్టాడని తేలితే 118లో రెండో భాగం. ఏడాదికి తగ్గదు, పదేళ్ల దాకా, యావజ్జీవం కూడా వేయొచ్చు. పన్ను ఒకటే, పంచ్ తెచ్చిన తేడా అది.

డాలస్ దేవరకొండ:
బ్యాక్‌లాగ్ ‘అమెరికాల చూడుండ్రి’ అని మొదలుపెట్టకముందే చెప్తున్న. మా టెక్సాస్‌ల 2019 సెప్టెంబర్ 1 నుంచి పంచ్ పట్టుకునుడు నేరం కాదు. అంతకుముందు సిస్టర్ చెప్పిన పిల్లి కీచైన్ కూడ నేరం కిందికే వచ్చేది. కాలిఫోర్నియాల ఇప్పటికీ నేరమే. బ్రిటన్‌ల ఇంట్ల దాచుకున్నా నేరమే. ఎక్కడి చట్టం అక్కడిదే. శంషాబాద్‌ల క్యాబిన్ బ్యాగుల పెట్టుకొని మాత్రం రాకుండ్రి.

బీటెక్ బ్యాక్‌లాగ్:
గదే రాయబోతున్న, చెరిపేసిన. సరే, పంచ్ మంచిది కాదు, ఒప్పుకుంట. గని సిస్టర్‌ను ఆపరు, గీత మామను ఆపరు, మమ్మల్నే ఎందుకు ఆపుతరు? ఇరవై ఏండ్ల పోరడు, నల్ల టీషర్టు, పల్సర్ బండి. గీ మూడు కలిస్తేనే సగం కేసు. ఇంకోటి, కేసు రాయకుంట ఫోన్ గుంజుకునుడు ఏ సెక్షన్ కింద?

నల్గొండ వకీలు:
ఈ మాట మీద నేను తమ్ముడి పక్కనే. తనిఖీ చేసి వస్తువు తీసుకుంటే జాబితా రాయాలి, సాక్షుల సంతకాలు పెట్టించాలి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105 ప్రకారం వీడియో కూడా తీయాలి. కాగితం లేదు, రశీదు లేదు. ఆ పంచ్ ఇప్పుడు ఎవరి బల్ల మీద పేపర్ వెయిట్ అయింది హెడ్డు గారూ?

మాజీ హెడ్డు:
నవ్వొచ్చింది సాబ్. గని కాయితం రాస్తే ఏమైతదో మీకు తెల్వదా? ఆ పోరడు రేపు కానిస్టేబుల్‌కు పెట్టుకుంటడు. అటెస్టేషన్ ఫారంల కేసులున్నయా అని అడుగుతరు. ఉన్నదని రాస్తే ఉద్యోగం ఊగులాట, దాస్తే ఉన్నది కూడ పోతది. కోర్టుల కేసుంటే పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి తెచ్చుకోవాలె. అధికారి పెన్ను మూత తీయలేదంటే పోరని బతుకు చూసే తీయలే.

నల్గొండ వకీలు:
ఈ పిల్లవాడి వెనక చిన్నాయన వచ్చి నిలబడ్డాడు. కూలికి పోయే తల్లి ఒక్కతే వచ్చి ఉంటే ఆ రాత్రి పెన్ను మూత తీసేవారా, తీయకపోయేవారా?

మాజీ హెడ్డు:
ఒక్కోసారి వదిలేటోళ్లం. ఒక్కోసారి లేదు. అబద్ధం చెప్ప.

జడ్చర్ల నైట్ డ్యూటీ:
ఇదంత మా తమ్మునికి చదివి వినిపించిన. కీచైన్ తీసేస్తవా అక్కా అని అడిగిండు. ఆ వెంచరోళ్లతోని లైట్లు పెట్టించు, అదే రోజు తీసేస్త అన్న. ఇంక తీయలే.

పానగల్ కట్ట:
అందరికి మెహర్బానీ. చిన్నాయనకు 118 సంగతి చదివి చెప్పిన, ఇంకో రెండు చరుస్తనని లేసిండు, ఆపినం. మావోడు జర దిగొచ్చిండు. ఇప్పుడు కొత్త పంచాయితీ. కొన్న యాప్‌ల రిటర్న్ గడువు ఇంక మూడు రోజులున్నదట, వాపస్ పెడ్తే పైసలొస్తయంటున్నడు. వస్తువేమో స్టేషన్ల ఉన్నది. పోయి అడగమంటే ‘నువ్వు పోరాదే అన్నా’ అంటున్నడు.